రోహిణి పది నిమిషాలు ఆగిన సాయంత్రం

ఫిబ్రవరి పదిహేడో తారీకు, శనివారం. మా హాల్లో గోడ గడియారం ప్రకారం సాయంత్రం ఆరుంబావు. గడియారం ప్రకారం అని ఎందుకు రాస్తున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఇంట్లోకి కంప్యూటర్ వచ్చిన రెండో ఏడు అది. జేబుల్లోకి ఫోన్లు ఇంకా రాలేదు. దేవుడి దగ్గర దీపం పెట్టి, టీ ఫ్లాస్కు పట్టుకుని నేను మేడ ఎక్కేసరికి చాప మీద అందరూ చేరిపోయారు. మావారు, మా అత్తగారు, మా తోడికోడలు, పక్కింటి డ్రైవరుగారు. ఆయన ముప్పై ఏళ్ళు రైలు నడిపి దిగిన మనిషి. వీళ్ళందరికీ ఎదురుగా, మా మామగారి టెలిస్కోపు మీద చెయ్యి వేసి, దాన్ని తనే కన్నట్టు నిలబడి ఉన్నాడు మా మరిది.

మా మరిదిని వీధిలో లక్షగారంటారు. కళ్ళద్దాల దుకాణం నడుపుతాడు. "లక్షమంది కళ్ళు చూసిన చెయ్యి ఇది" అంటాడు. మా ఊళ్ళో పసిపిల్లలతో కలిపి లెక్కేసినా అంతమంది ఉండరు.

ఆ టెలిస్కోపు అద్దాన్ని మా మామగారు మేడ మీది గదిలో రెండేళ్ళు కూర్చుని తన చేత్తోనే అరగదీశారు. ఆయన పోయి నాలుగేళ్ళు. అప్పటినుంచి ఆ గది టెలిస్కోపుదే. ఇప్పుడు మా తోడికోడలికి ఆ గది కావాల్సి వచ్చింది. ఆమె బట్టలు కుడుతుంది. ఏదో బడికి యూనిఫారాలు కుట్టే పని ఒప్పుకుంది. మూడు మిషన్లూ హాల్లోనే ఉన్నాయి, మేం అన్నానికి కూర్చోవాలంటే నీలం గుడ్డ కుప్పల్ని పక్కకి తోసి కూర్చోవాలి. "వాడని వస్తువుకి గదెందుకండీ? ఆ బడికే ఇచ్చేద్దాం, పిల్లలైనా చూస్తారు" అంది భర్తతో. "వాడట్లేదని నీకెవరు చెప్పారు?" అని అతను లేచాడు. నాలుగు రోజులు ఇంట్లో ఇదే గొడవ. చివరికి పందెంలోకి దిగింది.

కంప్యూటర్లో స్కైచార్ట్ అని ఒక ప్రోగ్రాం ఉండేది. ఊరు, తేదీ, గంట చెబితే ఆ గంటకి మన నెత్తి మీద ఏ చుక్క ఎక్కడుంటుందో తెర మీద గీసి చూపిస్తుంది. దాన్ని చూసి ఏ రోజు ఏది ఎప్పుడు చూడాలో జాబితా రాసుకోవచ్చు. ఆ శనివారం సాయంత్రం ఏడూ ఇరవైరెండుకి సగం చంద్రుడు రోహిణి నక్షత్రానికి అడ్డం వస్తాడు, చుక్క టక్కున ఆరిపోతుంది, అని అది చెప్పింది. చెప్పిన నిమిషానికి ఆరితే టెలిస్కోపు గదిలో ఉంటుంది. ఆరకపోతే సోమవారం బడికి పోతుంది. అదీ ఒప్పందం.

ఇంకొక్క మాట చెప్పాలి. మా గోడ గడియారం పది నిమిషాలు ముందుంటుంది. ఎవరూ దేనికీ ఆలస్యం కాకూడదని అత్తగారే అలా పెట్టారు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, అందరం పది తీసేసి టైము చదువుతాం. మరిది చేతి వాచీ కూడా రోజూ ఆ గడియారం చూసి, పది తీసి, పెట్టుకునేదే.

"ఇంకా గంట పైనే ఉంది," అన్నాడు మరిది వాచీ చూసుకుని. "మీ వాచీలో ఎంతైంది డ్రైవరుగారూ?"

"ఉద్యోగం దిగిన రోజే విప్పి పెట్టెలో పడేశానయ్యా. ముప్పై ఏళ్ళు నన్ను తరిమింది. ఇప్పుడు దాన్నీ పడుకోనీ."

"నాకున్న బాధ అది కాదు," అన్నారు మావారు. పోస్టాఫీసుకి బస్సులో వెళ్తారు. "నేను టైముకే వెళ్తున్నా. ఈ మూడు నెలలుగా బస్సే రోజూ పది నిమిషాలు ఆలస్యం. ఎవరికి చెప్పుకోవాలి?"

"బస్సుల సంగతి నాకు తెలీదన్నయ్యా, చుక్కలు మాత్రం నా మాట వింటాయి," అన్నాడు మరిది. టీ అందుకున్నాడు. మాకు అర్థమైపోయింది, ఇక మొదలు.

"మొన్న డిసెంబర్లో ఏం జరిగిందో మీకెవరికీ చెప్పలేదు కదూ? చెప్పను కూడా, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. ఏదో మామూలుగా పది వస్తువులు చూద్దామని చార్టులో జాబితా వేసుకున్నాను. ఏది ముందు అస్తమిస్తుందో అది ముందు, ఏది ఆలస్యంగా పైకొస్తుందో అది వెనక, మా ఆవిడ గుడ్డ కత్తిరించే ముందు సుద్దతో గీతలు గీసుకుంటుంది చూశారూ, అలాగన్నమాట. పదీ గంటలో చూసేశాను. చూసేశాక చెయ్యి ఊరుకోదు కదా, ఇంకో వంద వేశాను. నూటపది! ఒక్క రాత్రిలో! కుర్చీలోంచి లేవకుండా!"

"టెలిస్కోపు అటూ ఇటూ తిప్పాలి కదండీ. కూర్చుని ఎలా తిప్పారు?" అంది మా తోడికోడలు చేతిలో గుండీ కుడుతూనే. చీకటి పడుతున్నా ఆమె వేళ్ళకి వెలుతురుతో పని లేదు.

"తిప్పలేదు! జాబితా అంత పకడ్బందీగా వేశానంటే, ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే వచ్చి గొట్టం ముందు నిలబడ్డాయి. డ్రైవరుగారూ, స్టేషన్లో మీరు నిలబడి ఉంటే ఊళ్ళే వచ్చి మీ ముందు ఆగితే ఎలా ఉంటుంది, అలాగ."

"అలాగైతే నాకు జీతమెందుకిచ్చారో," అన్నారు డ్రైవరుగారు.

"వినండి ముందు. అరవై మూడోది చూస్తున్నానా, ఒక మబ్బు వచ్చింది. మామూలు మబ్బు కాదు, లక్ష దున్నపోతులు కలిసి పడుకున్నంత. ఇంకొకడైతే మూత పెట్టి దిగిపోయేవాడు. నేను దిగలేదు. చార్టు కాగితం పైకెత్తి చూపించాను. 'ఇందులో నీ పేరుందా? లేదు. మరి ఎందుకొచ్చావ్?' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వర్షం పడింది," అన్నారు మావారు.

"సిగ్గుపడింది! ఒక మూలకి జరిగింది. జరుగుతూ జరుగుతూ రెండు చినుకులు రాల్చింది, ఏడ్చిందో ఏమో. సరే, నూట ఆరోది. చార్టులో చుక్క ఉంది, పైన లేదు. ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది?"

"చార్టుది," అంది తోడికోడలు.

"ఆకాశానిది! చార్టు అచ్చుగుద్దినట్టు చెబుతుంటే ఆకాశం తప్పిందంటే నేను ఊరుకుంటానా? అక్కడే కూర్చున్నాను. నువ్వు రావా? నేను లేవను. అరగంట చూశాను, గంట చూశాను. చివరికి ఆ మూల కొంచెం కదిలింది, చీకట్లో ఎవరో స్విచ్చు వెతుక్కుంటున్నట్టు. టక్! వెలిగింది. 'ఇంకోసారి ఇలా చేయకు' అని వదిలేశాను."

అత్తగారు నవ్వుకుంటూ చేతిలో జపమాల తిప్పుతున్నారు. కొడుకు కోతలు వింటుంటే ఆవిడ పూస ఎప్పుడూ ఒకచోట ఆగుతూ ఉంటుంది.

ఈలోగా చంద్రుడు బాగా వెలుగెక్కాడు. నిలువునా కోసినట్టు సగానికి సగం. వెలుగులేని పక్కన, కాస్త దూరంలో రోహిణి, ఎర్రటి చుక్క. మరిది టెలిస్కోపు గురి సరిచేసి, గీసుకున్న కాగితాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు. "దీంట్లో అన్నీ తలకిందులే కనిపిస్తాయి," అన్నాడు.

"మీ మాటల్లాగే," అంది తోడికోడలు.

"నవ్వు. నవ్వు. ఇంకో రోజు ఏమైందో వింటే నవ్వవు. ఆ ప్రోగ్రాంలో ఒక మీట ఉంటుంది, కాలాన్ని ముందుకి పరిగెత్తించేది. రేపు రాత్రి ఆకాశం ఎలా ఉంటుందో చూద్దామని నొక్కానా, వేలు ఇరుక్కుపోయింది! తెర మీద సూర్యుడు ఇటు లేస్తాడు, అటు పడతాడు. సరే, తెరే కదా అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే ఏముంది? బయటా అంతే! ఒక్క రాత్రిలో ఏడుసార్లు తెల్లారింది. పాలవాడు ఏడుసార్లొచ్చి పోయాడు. నాకు వారం రోజుల గడ్డం పెరిగింది. వీధిలో కుక్కలు అరవాలా పడుకోవాలా తెలియక కూర్చుండిపోయాయి. మీరెవరూ లేవలేదు, నేను మీట వెనక్కి తిప్పి అంతా యథాస్థానంలో పెట్టేశాను కాబట్టి!"

"ఆ ఏడు రోజుల పాలూ ఏమయ్యాయి?" అన్నాను నేను.

"వెనక్కి తిప్పేటప్పుడు పాలూ వెనక్కి వెళ్ళిపోయాయి వదినా. పాలవాణ్ణి అడుగు, కావిడి బరువు తగ్గలేదని ఆ రోజంతా తల గోక్కున్నాడు."

డ్రైవరుగారు నవ్వి నవ్వి చాప మీద పక్కకి ఒరిగిపోయారు. మరిది మాత్రం నవ్వలేదు. గొట్టం మీద చెయ్యి అలాగే ఉంచి, గొంతు కొంచెం తగ్గించాడు.

"ఇవన్నీ ఒక ఎత్తు. చుక్క వెలుగు మన దాకా రావడానికి ఏళ్ళు పడుతుందని నాన్న చెప్పేవాడు, గుర్తుందా అమ్మా? ఒకసారి నేను ఎంత దూరం చూశానంటే, అక్కడెక్కడో నీళ్ళు నిలిచిన గోళం ఒకటుంది, అద్దంలా. దాంట్లో మన మేడ కనిపించింది. ఇప్పటి మేడ కాదు, వెలుగు అంత దూరం వెళ్ళి రావాలి కదా, పాత మేడ. ఈ గది తలుపు తెరిచి ఉంది. లోపల నాన్న కూర్చుని అద్దం అరగదీస్తున్నాడు. తలెత్తి నావైపు చూసి, 'ఏరా, మూత పెట్టడం మర్చిపోకు' అన్నాడు."

అత్తగారి పూస అక్కడే ఆగిపోయింది. కుడుతున్న చెయ్యీ ఆగింది.

అతనే గబగబా అందుకున్నాడు. "అయినా అవన్నీ ఎందుకు? పోయిన నెల సంగతి చాలు. ఇదే రోహిణి, ఇదే చంద్రుడు, ఇదే వాచీ. చార్టు చెప్పిన సెకనుకి చిటికె వేశాను. ఎంత సరిగ్గా ఆరిందంటే, చిటికె చప్పుడికీ చుక్క ఆరడానికీ మధ్య వెంట్రుక పట్టదు. చంద్రుడు నావైపు చూసి తల కూడా ఊపాడు. నా వాచీ తప్పితే సూర్యుడు తప్పినట్టే. ఇవాళా అంతే. లెండి, లెండి, అయిపోవచ్చింది!"

అందరం లేచాం. మా తోడికోడలు గుండీ, సూది పక్కన పెట్టి టెలిస్కోపు దగ్గర కూర్చుంది. పందెం ఆమెది కాబట్టి కన్ను పెట్టాల్సింది ఆమే. మరిది వాచీ కళ్ళ దగ్గర పెట్టుకుని చెయ్యి పైకెత్తాడు.

"ఏడూ ఇరవైరెండు! ఇదిగో..." చిటికె వేశాడు.

"ఉంది," అంది ఆమె.

మళ్ళీ వేశాడు.

"ఉందండీ. చీకటి అంచుకి ఇంకా ఎడం కూడా ఉంది."

మూడోసారి వేశాడు. నాలుగోసారి వేళ్ళకి చెమట పట్టి చప్పుడే రాలేదు. ఏడూ ఇరవైమూడు. ఏడూ ఇరవైఐదు. "మీ రోహిణికి బస్సు ఆలస్యమైనట్టుంది," అన్నారు మావారు. డ్రైవరుగారు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఆమె కూడా లేచింది. గెలిచిన ముఖం కాదు ఆమెది. "పోనీలెండి, సోమవారం నేనే గుడ్డ చుట్టి జాగ్రత్తగా పంపిస్తాను," అంది మెల్లగా.

"పంపడానికి వీల్లేదు!" అని అరిచాడు మరిది. "చార్టు తప్పదు! తప్పితే చంద్రుడు తప్పాలి! లక్షమంది వచ్చి చెప్పినా నేనొప్పుకోను! ఇక్కణ్ణించి కదలను!"

అప్పుడు అత్తగారు చాప మీంచే పిలిచారు. "ఒరేయ్, ఒక మాట."

"ఇప్పుడు కాదమ్మా."

"ఇప్పుడేరా. ఆ గడియారం పది ముందుండేది కదా. మీరందరూ పది తీసేసుకుని తాపీగా కూర్చుంటున్నారు. మీ అన్నయ్యకి రోజూ బస్సు తప్పిపోయేది. చూసి చూసి, ఇంకో పది జరిపాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే అదీ తీసేస్తారుగా."

మావారి నోరు తెరుచుకుంది. "అంటే బస్సు..."

"బస్సు టైముకే వస్తోంది నాయనా. నువ్వే ముందు వెళ్తున్నావు."

మరిది ముఖం వెలిగిపోయింది. "విన్నారా! విన్నారా! వాచీ పది నిమిషాలు ముందుంది! ఇప్పుడింకా ఏడుంబావే! చార్టు తప్పలేదు! చెప్పులు విప్పండి డ్రైవరుగారూ, ఇంకా టైముంది!"

"ఆగరా," అన్నారు అత్తగారు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెరగదు, ఆ రోజూ పెరగలేదు. "గడియారం జరిపి మూడు నెలలైంది. మరి పోయిన నెల ఈ వాచీ చూసే చిటికె వేశానన్నావు. అప్పుడు చుక్క ఎలా ఆరిపోయిందిరా?"

అతను వాచీ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, చంద్రుడి వైపు చూశాడు. వాచీ సరైనదే అంటే కథ నిలబడుతుంది, టెలిస్కోపు పోతుంది. వాచీ తప్పంటే టెలిస్కోపు ఉంటుంది, కథ కూలిపోతుంది. పాతికేళ్ళుగా ఆ మనిషిని చూస్తున్నాను, జవాబు వెతుక్కోవడం అదే మొదటిసారి.

"పోయిన నెల చూశారా, లేదా?" అంది భార్య.

"చూడలేదు!" అన్నాడు, కొట్లాటకి వచ్చినట్టు ఛాతీ ముందుకు పెట్టి. "చూడలేదు! డిసెంబర్లోనూ చూడలేదు! నాన్న పోయాక ఒక్కసారి కూడా మూత తీయలేదు! అయితే ఏంటి?"

"రోజూ ఆ కంప్యూటర్ ముందు కూర్చుని అన్నన్ని జాబితాలు రాసేవాడివి కదరా," అన్నారు అత్తగారు.

"రాసుకుంటే చూసినట్టే ఉండేదమ్మా. నాన్న ముందు తను చూసి, గురి కుదిరాక 'రారా' అనేవాడు. ఆ పిలుపు లేకుండా పైకి రాబుద్ధి కాలేదు." అని, అంతలోనే మళ్ళీ తల ఎగరేశాడు. "నేను చెప్పినవన్నీ కోతలే, రాసుకోండి! చార్టు మాత్రం కోత కాదు! ఎవరూ మేడ దిగొద్దు. దిగితే నేను మళ్ళీ మొదటినుంచి చెబుతాను!"

ఆ బెదిరింపుకి అందరం కూర్చున్నాం.

మా తోడికోడలు మళ్ళీ టెలిస్కోపు దగ్గరికి వెళ్ళింది. అతను వాచీ విప్పి అమ్మ చేతిలో పెట్టేశాడు. డ్రైవరుగారు గోడకి ఆనుకుని, అరచెయ్యి అడ్డం పెట్టి చంద్రుడి వెలుగుని కప్పుకుని, ఆ ఎర్ర చుక్కనే చూస్తున్నారు. ముప్పై ఏళ్ళు సిగ్నళ్ళు చూసిన కళ్ళు. నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను, ఏం కోరానో నాకే స్పష్టంగా తెలియదు.

"దగ్గరికొచ్చింది," అంది ఆమె. కొంచెంసేపటికి, "ఇంకా దగ్గరికొచ్చింది." ఇంకొంచెంసేపటికి, "అంచుకి అంటుకున్నట్టే ఉంది." అక్కడితో కన్ను తీసి, పక్కకి జరిగి, భర్త వైపు చూసింది.

"రండి," అంది.

అతను కదల్లేదు.

"రండీ, పోతోంది!"

వచ్చి కూర్చున్నాడు. కన్ను పెట్టాడు. నాలుగు ఊపిరుల సేపు గడిచిందేమో.

"ఆరింది!" అని డ్రైవరుగారు గట్టిగా కేక వేశారు, ఇంజన్లోంచి వేసినట్టు. "నా కళ్ళతో చూశాను! టక్కున!"

అత్తగారు వెన్నెల వెలుగులో వాచీ చూసి చెప్పారు. ఏడూ ముప్పైరెండు. పది తీసేస్తే ఏడూ ఇరవైరెండు.

మరిది మాత్రం ఇంకా కన్ను తీయలేదు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, చీకటి అంచు తప్ప. చిటికె వేయలేదు, అరవలేదు.

"చూశారా?" అంది ఆమె, భుజం మీద చెయ్యి వేసి.

"లక్ష..." అన్నాడు. ఆగాడు. "ఒక్కసారి. ఒక్కసారి చూశాను."

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మావారూ మరిదీ కలిసి రెండు మిషన్లు మేడ మీది గదిలోకి మోశారు. మూడోది హాల్లోనే ఉండిపోయింది. కిటికీ పక్కన టెలిస్కోపు కదలకుండా ఉంది. మా తోడికోడలు మిగిలిన నీలం గుడ్డతో దానికి తొడుగు కుట్టింది, యూనిఫారానికి పెట్టినట్టే ముందు నాలుగు గుండీలు పెట్టి. పదిహేను రోజులకొకసారైనా ఆ గుండీలు విప్పకపోతే గది మొత్తం తనదేనని చెప్పింది. ఆమె అలా చెబుతుండగానే గేటు దగ్గర మరిది గొంతు వినిపించింది, పాలవాడితో. "చుక్క ఆరిపోబోతుంటే, 'ఆగు, మా ఆవిడ ఇంకా కూర్చోలేదు' అన్నాను. ఆగింది! పది నిమిషాలు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఇల్లంతా ఆ సందడిలో ఉండగా అత్తగారు హాల్లో స్టూలు వేయించుకుని ఎక్కారు. నేను పట్టుకున్నాను. ఇరవై సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది కదా, అందుకని గడియారం ముల్లు మళ్ళీ జరిపారు. ఈసారి ఎంత జరిపారో నా ఒక్కదాని చెవిలోనే చెప్పారు. ఇంట్లో జరిగినవన్నీ రాసిపెట్టేదాన్నే గానీ, అది మాత్రం ఇక్కడ రాయను.